కొత్త టీవీలో హెచ్‌డీఆర్ సినిమా పెడితే బొమ్మంతా చీకటి. నాన్నగారు తన కళ్లే పోయాయనుకుంటున్నారు

తోటపాలెం టీచర్, విజయనగరం

అందరికీ నమస్కారం. ఈ సంక్రాంతికి ఇంట్లోకి 55 అంగుళాల 4కే టీవీ కొన్నాం. ఎల్‌ఈడీ, గూగుల్ టీవీ. అట్టపెట్టె మీద హెచ్‌డీఆర్10, హెచ్‌ఎల్‌జీ, డాల్బీ విజన్ మూడూ రాసి ఉన్నాయి. మంచి వెలుగునీ చీకటినీ ఒకే బొమ్మలో చూపించే పద్ధతిని హెచ్‌డీఆర్ అంటారట, ఈ మూడూ దాని రకాలట. కంపెనీ పేరు రాయను, నా గొడవ కంపెనీతో కాదు.

కొన్నది నాన్నగారి కోసం. నెల్లిమర్ల జూట్ మిల్లులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు 74. కిందటేడు రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మంచం మీంచే గోడ క్యాలెండర్లో తిథి చదివేస్తుంటే ఇంట్లో అందరం ఎంత సంబరపడ్డామో. ఆ సంబరంలోనే పాత 32 అంగుళాల టీవీ తీసేసి ఇది తెచ్చాం.

కేబుల్ ఛానెళ్లు, వార్తలు, గుడి ప్రసారాలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. ఓటీటీలో సినిమా పెట్టినప్పుడే ఇబ్బంది. మొదలవగానే పైన మూలన డాల్బీ విజన్ గుర్తు వచ్చి పోతుంది. అంతే, తెర మీద ఎవరో నల్లగుడ్డ కప్పినట్టు మొత్తం డల్ అయిపోతుంది. పగటి సీన్లు ఎలాగో చూడొచ్చు. రాత్రి సీన్లు మాత్రం అసలు కనబడవు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒక సినిమా చూస్తున్నాం. రాత్రిపూట నది మీద పడవ, పడవలో లాంతరు. మా టీవీలో ఆ లాంతరు ఒక్కటే తేలుతోంది, చుట్టూ నలుపు. మాటలు వినిపిస్తున్నాయి, ఎవరు మాట్లాడుతున్నారో తెలీదు. నాన్నగారు కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి టీవీకి రెండడుగుల దూరంలో కూర్చున్నారు. తెర మీద చెయ్యి అడ్డం పెట్టి చూశారు, తీసి చూశారు. కాసేపటికి నా వైపు తిరిగి "ఏటమ్మా, నా కళ్లు మళ్లీ మసకబారిపోతన్నాయేటి?" అన్నారు. నాకు ప్రాణం చివుక్కుమంది. నాకూ కనబడట్లేదు నాన్నా అన్నాను. ఆయన నమ్మలేదు. తన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అలా అంటున్నాననుకున్నారు. ఆ రోజు నుంచి సినిమా పెడతానంటే వద్దంటున్నారు.

అదే సీన్ మా చెల్లెలు తన ఫోన్లో పెట్టి చూపించింది. అందులో లాంతరు వెలుగులో ముగ్గురు మనుషులు చక్కగా కనబడుతున్నారు. అరచేతిలో పట్టే ఫోన్లో కనబడేది ఇంత పెద్ద టీవీలో ఎందుకు కనబడదు?

నేను చేసినవి చెబుతాను. కేబుల్ పెట్టి బ్రైట్‌నెస్ 50 నుంచి 80కి పెంచాను. కేబుల్లో బొమ్మ సున్నం పూసినట్టు తెల్లబడింది, సినిమా మాత్రం అలాగే ఉంది. ఇంటర్నెట్ 40 ఎంబీపీఎస్ ప్లాన్, టీవీలోనే స్పీడ్ చూస్తే 36 వచ్చింది. కొన్న షాపుకి ఫోన్ చేస్తే "మీ వీధిలో ఓల్టేజీ తక్కువేమో, స్టెబిలైజర్ పెట్టండి" అన్నారు. పాత టీవీలో ఓటీటీ చూడ్డానికి వెనకాల తగిలించి వాడిన 4కే ఫైర్ టీవీ స్టిక్ ఉంది కదా అని బావగారు దాన్ని కూడా దీనికి తగిలించి, అందులో ఎప్పుడూ హెచ్‌డీఆర్ ఉండేట్టు సెట్టింగ్ పెట్టారు. ఇప్పుడు అందులో పాత పాటలు కూడా వెలిసిపోయినట్టు వస్తున్నాయి. మా హాల్లో టీవీకి ఎదురుగా పడమటి కిటికీ ఉంది, అది కూడా చెప్పాలేమో.

టీవీలో లోపం ఉందంటారా? వాపసు ఇచ్చే గడువు దాటిపోయింది. లోపం లేకపోతే నాన్నగారికి ఆ పడవలో మనుషులు కనబడేట్టు చెయ్యడానికి దారి ఉందా?

పలాస జీడిమామిడి

మూలన డాల్బీ విజన్ అని వస్తోందంటే మీ ప్లాన్, నెట్ స్పీడ్, యాప్, టీవీ ఒకదానికొకటి కుదిరినట్టే. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 4కేకి 15 ఎంబీపీఎస్ చాలంటారు, మీకు రెట్టింపు పైనే ఉంది. ఇంటర్నెట్ జోలికి వెళ్లకండి.

నా బాధ వేరేలా ఉండేది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. నాకు ఆ గుర్తే వచ్చేది కాదు. టీవీలో హెచ్‌డీఆర్ ఉంది, స్టిక్‌లో ఉంది, ప్రీమియం ప్లాన్ కట్టాను, అయినా మామూలు బొమ్మే. నాలుగు నెలల తర్వాత తెలిసింది, టీవీలో స్టిక్ లాంటివి తగిలించే ప్రతి హెచ్‌డీఎమ్‌ఐ పోర్టుకీ వేరే సెట్టింగ్ ఉంటుందని. నాది పాత వెర్షన్ 1.4 మీద ఉంది. దాన్ని 2.0కి మార్చాను, అంతే. ఇదే సెట్టింగ్‌ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది. సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్. కొనేముందు ఇంకోటి కూడా చూసుకోవాలి. శాంసంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. అలాంటి టీవీకి యాప్ తనంతట తానే హెచ్‌డీఆర్10 బొమ్మ పంపిస్తుంది, కంగారు పడక్కర్లేదు.

టీవీ మెకానిక్, శ్రీకాకుళం

టీచర్ గారూ, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర 19 ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను. పిక్చర్ ట్యూబుల కాలం నుంచీ ఇదే పని. ముందు స్టెబిలైజర్ మాట పక్కన పెట్టండి. టీవీ వెనకాల స్టిక్కర్ చూడండి, 100-240 ఓల్టులు అని ఉంటుంది. ఆ మధ్యలో ఎంతున్నా లోపలి సప్లై బోర్డు తెర వెనకుండే దీపాలకి, అంటే బ్యాక్‌లైట్‌కి, ఒకేలా కరెంటు ఇస్తుంది. ఓల్టేజీ తగ్గితే బొమ్మ కుంచించుకుపోయేది పాత ట్యూబు టీవీల్లో. పైగా ఓల్టేజీ వల్లే అయితే కేబుల్ కూడా డల్‌గా రావాలి కదా.

మీ టీవీ పాడవలేదు. ఈ కంప్లైంటుతో నా దగ్గరికి నెలకి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. సంగతేమిటో చెబుతాను.

తెర వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. చదరపు మీటరుకి ఒక కొవ్వొత్తి వెలుగు అంటే ఒక నిట్. మామూలు బొమ్మని, అంటే మీ కేబుల్ ఛానెల్‌ని, స్టూడియోలో 100 నిట్స్ లెక్కన తయారుచేస్తారు. కానీ అందులో ఇన్ని నిట్స్ వెయ్యి అన్న ఆజ్ఞ ఉండదు. తెలుపు అంటే నీ దగ్గరున్నంత వెలుగు వేసుకో అన్నట్టే టీవీ తీసుకుంటుంది. అందుకే మీ టీవీ 300 నిట్స్ ఇవ్వగలిగితే మొత్తం 300 వాడేసి కేబుల్‌ని ధగధగలాడిస్తుంది. హెచ్‌డీఆర్10, డాల్బీ విజన్ అలా కాదు. ఆ లాంతరు 1000 నిట్స్, ఆ మొహం 5 నిట్స్ అని అంకెలతో సహా సిగ్నల్లోనే రాసి వస్తుంది. ఈ పద్ధతిలో 10,000 నిట్స్ దాకా రాయొచ్చు. సినిమాలు ఎక్కువగా 1000కో 4000కో తయారవుతాయి. మామూలు ధరలో వచ్చే 55 అంగుళాల ఎల్‌ఈడీ చాలావరకు 250 నుంచి 350 దాకానే వెలుగుతుంది. వెయ్యి రూపాయల పని మూడొందల్లో చెయ్యమన్నట్టు. ఏదో ఒకటి తగ్గించుకోవాలి కాబట్టి మొత్తం కిందికి దించేస్తుంది. మంచి ఫోన్లలో ఓలెడ్ తెరలు హెచ్‌డీఆర్‌కి 800, 1000 నిట్స్ దాకా వెళ్తాయి. మీ చెల్లెలుగారి ఫోన్లో ముగ్గురు కనబడింది అందుకే.

పెట్టె మీద హెచ్‌డీఆర్ అని రాయడం అబద్ధం కాదు. ఆ సిగ్నల్ చదవడం దానికి వచ్చు అని అర్థం. చదివినదంతా చూపించే వెలుగు ఉందా అన్నది వేరే మాట, దాన్ని పెట్టె మీద వేయరు. కొనడానికి వచ్చినవాళ్లకి నేను ఇది పదేపదే చెబుతుంటాను.

ఇప్పుడు చెయ్యాల్సింది. మీరు బ్రైట్‌నెస్ కేబుల్ పెట్టి మార్చారు, అక్కడ పొరపాటు. కేబుల్‌కి ఒక సెట్టింగుల కట్ట, హెచ్‌డీఆర్‌కి ఒకటి, డాల్బీ విజన్‌కి ఇంకోటి విడివిడిగా ఉంటాయి. ఆ పడవ సీన్ ఆడుతుండగానే రిమోట్‌లో సెట్టింగ్స్ నొక్కి పిక్చర్‌లోకి వెళ్లండి. మోడ్ డాల్బీ విజన్ డార్క్ అని ఉంటే బ్రైట్‌కి మార్చండి. బ్యాక్‌లైట్ పూర్తిగా 100 పెట్టండి. బ్యాక్‌లైట్ వేరు, బ్రైట్‌నెస్ వేరమ్మా. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ పెంచితే నలుపు కాస్తా బూడిద రంగవుతుంది, వెలుగు పెరగదు. దాన్ని మళ్లీ 50కి తెచ్చేయండి. తర్వాత కరెంటు పొదుపు సెట్టింగ్, పవర్ సేవింగో ఎకో మోడో ఏదో పేరుతో ఉంటుంది, ఆపేయండి. ఎక్కువ టీవీలు ఫ్యాక్టరీ నుంచే అది ఆన్‌లో వస్తాయి. గదిలో వెలుతురుని బట్టి తగ్గించే సెన్సర్ ఉంటే అదీ ఆపండి. ప్రతిదీ మార్చేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

స్టిక్‌లో డిస్‌ప్లే కింద డైనమిక్ రేంజ్ సెట్టింగ్స్ అని ఉంటుంది. ఆల్వేస్ హెచ్‌డీఆర్ తీసేసి అడాప్టివ్ పెట్టండి. పాత పాటలు మళ్లీ పాతలాగే వస్తాయి.

కళ్ల పరీక్షలు చేస్తాను, బొబ్బిలి

టీవీ సంగతి పెద్దలు చెబుతున్నారు, నేను నాన్నగారి గురించి ఒక్క మాట. అదే తెర మీద కేబుల్ బాగా కనబడుతోందంటే కళ్ల వల్ల కాకపోవచ్చు. కానీ ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో ఏళ్లకో, లోపల పెట్టిన లెన్స్ వెనకున్న పొర కొందరిలో మసకబారుతుంది. దానికి మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదు, కొద్ది నిమిషాల లేజర్‌తో సరిచేస్తారు. ఒకసారి చూపించేయండి, ఆయన మనసులో భయం కూడా పోతుంది. ఇంకోటి, వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలికి వెళ్లే వెలుగు తగ్గుతుంది. మసక వెలుతురులో మీకు కనబడినంత ఆయనకి కనబడదు. తెర డల్‌గా ఉంటే ఆయనకి మరీ కష్టం.

తోటపాలెం టీచర్, విజయనగరం

మెకానిక్ గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి ఎనిమిదింటికి కూర్చున్నాను. పడవ సీన్ పెట్టి సెట్టింగ్స్ నొక్కితే నిజంగానే మెనూ మారిపోయింది. కేబుల్లో స్టాండర్డ్, వివిడ్ అని ఉండే చోట ఇక్కడ డాల్బీ విజన్ డార్క్, డాల్బీ విజన్ బ్రైట్ అని రెండే ఉన్నాయి. డార్క్ మీద ఉంది. పవర్ సేవింగ్ మీడియం. బ్యాక్‌లైట్ 45! సగం వెలుగుతో నెలల తరబడి చూశామన్నమాట.

ఒక్కోటీ మారుస్తూ వెళ్లాను. పొదుపు ఆపగానే నీళ్ల మీద లాంతరు నీడ కనబడింది, అంతకుముందు అక్కడ నీళ్లున్నాయనే తెలియలేదు. బ్రైట్ మోడ్‌కి మార్చి బ్యాక్‌లైట్ పెంచితే లాంతరు పక్కన కూర్చున్న ఆడమనిషి మొహం వచ్చింది. ఆవిడ ఎదురుగా పిల్లాడు. ఫోన్లో చూసిన మూడో మనిషి మాత్రం ఇంకా రావడం లేదు. పడవ చివర నల్లటి ముద్దలా ఉంది.

పొద్దున్న మళ్లీ చూశాను. మధ్యాహ్నం మూడింటికి కూడా చూశాను. పడమటి ఎండ గదిలోకి వచ్చే వేళకి ఆడమనిషి కూడా మాయమైపోతోంది, తెరలో నేనూ కిటికీ ఊచలూ కనబడుతున్నాం. నాన్నగారు టీవీ చూసేది ఎక్కువగా ఆ వేళే. భోజనం చేసి ఒక కునుకు తీసి లేచాక. రాత్రి ఎనిమిదిన్నరకల్లా పడుకుంటారు. ఆయనకి ఇంకా ఏమీ చూపించలేదు. సగం బాగయ్యాక చూపించి మళ్లీ నిరాశపెట్టడం నాకిష్టం లేదు.

యూట్యూబ్‌లో కూడా ఒక పరీక్ష చేశాను. వీడియో సాంకేతిక వివరాలు చూపించే స్టాట్స్ ఫర్ నెర్డ్స్ ఆన్ చేస్తే కలర్ అనే వరుసలో మామూలు వీడియోలకి బీటీ709 అని, హెచ్‌డీఆర్ వీడియోలకి బీటీ2020 అని వస్తోంది. టీవీ సిగ్నల్‌ని సరిగానే గుర్తుపడుతోందని దీంతో నాకు ధైర్యం వచ్చింది.

పెళ్లి వీడియోలు, ఏడు రోడ్ల జంక్షన్, శ్రీకాకుళం

టీచర్ గారూ, నేను పెళ్లి వీడియోలకి ఎడిటింగ్, కలర్ చేస్తాను. మీ మూడో మనిషిని ఎవరు మింగేశారో నాకు అనుమానం ఉంది. అదే పిక్చర్ మెనూలో కిందికి వెళ్తే డైనమిక్ కాంట్రాస్ట్ అనో, అడాప్టివ్ కాంట్రాస్ట్ అనో, కాంట్రాస్ట్ ఎన్‌హాన్సర్ అనో ఒకటి ఉంటుంది. షాపులో బొమ్మ మిలమిలలాడాలని దాన్ని హై మీద పెడతారు. అది తెలుపుని ఇంకా తెలుపు, నలుపుని ఇంకా నలుపు చేస్తుంది. ముదురు నీడలో ఉన్న వివరమంతా ఒకే ముద్ద అయిపోతుంది. ఆఫ్ చేయండి, లేదా లో పెట్టండి.

హెచ్‌డీఆర్ మీద మాత్రం కోపం పెట్టుకోకండి. అది ఎందుకు పుట్టిందో మన ఊరి ఉదాహరణతో చెబుతాను. అరసవల్లిలో ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు లోపలిదాకా వచ్చి స్వామివారి పాదాల మీద పడతాయి కదా. అక్కడ నిలబడ్డ మనిషి కన్నుకి ఆ కిరణమూ కనబడుతుంది, పక్కన చీకట్లో దీపం వెలుగుతున్న మూలా కనబడుతుంది. మామూలు వీడియోలో ఆ రెండూ ఇమడవు. కిరణం నిలబెడితే గర్భగుడి నల్లబడుతుంది, గర్భగుడి నిలబెడితే కిరణం తెల్లటి మరక అవుతుంది. మామూలు 8 బిట్ బొమ్మలో ఒక్కో రంగుకి 256 మెట్లు, హెచ్‌డీఆర్‌కి వాడే 10 బిట్‌లో 1024. చీకటి నుంచి వెలుగు దాకా ఎక్కడానికి అన్ని మెట్లున్నాయి కాబట్టి రెండూ ఒకే ఫ్రేములో దాచగలుగుతాం. తీసేటప్పుడు, కలర్ చేసేటప్పుడు నాకు అదొక వరం. చూసే చోట తెరకి ఆ వెలుగు లేకపోవడమే బాధ.

డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్‌లలో ప్రతి సీనుకీ ఒక చీటీ రాసి పంపుతారు, ఈ సీన్లో గరిష్ఠ వెలుగు ఇంత అని. మామూలు హెచ్‌డీఆర్10లో సినిమా మొత్తానికీ ఒకటే చీటీ. ఎక్కడో ఒక పేలుడు 1000 నిట్స్ ఉందని, వెలుగు చాలని టీవీ పడవ సీన్‌ని కూడా అదే లెక్కన కిందికి దించేస్తుంది. అందుకని తక్కువ వెలుగున్న టీవీలకి డాల్బీ విజన్ ఉండడమే మేలు, మీకు అదుంది. హెచ్‌డీఆర్10 మాత్రమే వచ్చే సినిమాలకి డైనమిక్ టోన్ మ్యాపింగ్ అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, టీవీయే సీను సీనుకీ లెక్క వేసుకుంటుంది.

మధ్యాహ్నం మాటకొస్తే, ఎండ పడే గదిలో 300 నిట్స్ తెర మీద రాత్రి సీన్ ఏ సెట్టింగుతోనూ గెలవదు. ఆ వేళకి హెచ్‌డీఆర్ మానేయండి. మీ ఫైర్ టీవీ స్టిక్‌లో డిసేబుల్ హెచ్‌డీఆర్ పెట్టి, సినిమా ఆ స్టిక్ నుంచే చూడండి. యాప్ అప్పుడు అదే సినిమా మామూలు కాపీ పంపుతుంది. టీవీ తన వెలుగు మొత్తం వాడేస్తుంది, కేబుల్ లాగే కనబడుతుంది. రాత్రి మీరు చూసేటప్పుడు టీవీ సొంత యాప్‌లో డాల్బీ విజన్ చూసుకోండి. కిటికీకి మాత్రం దళసరి కర్టెన్ వేయక తప్పదు.

ఇంకొక్కటి, మీకు సంబంధం లేకపోయినా రాస్తాను. 2020లో వచ్చిన ఐఫోన్ 12 దగ్గర నుంచి ఆ ఫోన్లు డాల్బీ విజన్‌లోనే వీడియో తీస్తున్నాయి. పెళ్లివాళ్లు ఆ క్లిప్పులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తారు. చూసుకోకుండా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో మామూలు, అంటే హెచ్‌డీఆర్ కాని, టైమ్‌లైన్‌లో వేస్తే పెళ్లికొడుకు మధుపర్కం జరీ అంచుతో సహా తెల్లగా కాలిపోతుంది. ఇంట్లో శుభకార్యాలు ఫోన్‌తో తీసేవాళ్లు, పాత టీవీలో చూడాలనుకుంటే, ఫోన్ కెమెరా సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ వీడియో ఆపేసి తీయండి. తీశాక మార్చడం పెద్ద పని.

తోటపాలెం టీచర్, విజయనగరం

వారం ఆగి రాస్తున్నాను, అన్నీ సరిగ్గా చూసుకున్నాకే రాద్దామని.

డైనమిక్ కాంట్రాస్ట్ హై మీదే ఉంది. ఆఫ్ చేశాను. గంటస్తంభం దగ్గర దళసరి కర్టెన్ గుడ్డ తీసుకుని కుట్టించాను, కాఫీపొడి రంగుది. స్టిక్‌లో డిసేబుల్ హెచ్‌డీఆర్ పెట్టి, ఆ రిమోట్‌కి ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టాను, మధ్యాహ్నం సినిమాకి ఎర్ర బ్యాండుదే నొక్కాలని నాన్నగారికి గుర్తుండడానికి. బొబ్బిలి వారు చెప్పినట్టు కళ్ల డాక్టరు గారికి కూడా చూపించాం. రెండు కళ్లూ శుభ్రంగా ఉన్నాయన్నారు, పొర ఏమీ లేదు. అయినా నాన్నగారు బస్సులో తిరిగొస్తూ "మరి టీవీలో ఎందుకు కనబళ్లేదమ్మా" అంటూనే ఉన్నారు.

ఇంటికొచ్చి భోజనాలయ్యాక ఏమీ చెప్పకుండా అదే సినిమా పెట్టాను. పడవ సీన్ వచ్చేసరికి నేను టీవీ చూడలేదు, ఆయన మొహమే చూస్తున్నాను. కుర్చీ జరపలేదు, ఉన్నచోటనే ఉన్నారు. కాసేపు చూసి, చెయ్యెత్తి తెరవైపు చూపిస్తూ, "ముగ్గురున్నారమ్మా. ఆ చివరోడు గెడేస్తన్నాడు" అన్నారు.